జర్మనీ స్టూడెంట్ వీసా: పాస్‌పోర్టు హిందూపురం, ఉండేది దాసరహళ్లి. బెంగళూరులో వేయాలా, చెన్నైలోనా?

హిందూపురం_పిల్ల
అందరికీ నమస్తే. జర్మనీలో కెమ్నిట్జ్ టెక్నికల్ యూనివర్సిటీలో అడ్వాన్స్‌డ్ మాన్యుఫాక్చరింగ్ మాస్టర్స్‌కి అడ్మిషన్ లెటర్ వచ్చింది, అక్టోబరులో క్లాసులు. ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు అసలైనవేనని జర్మనీవాళ్ళు చూసి ఇచ్చేది) ముందే తెచ్చుకున్నాను, ఐఈఎల్‌టీఎస్ అయిపోయింది. ఇక వీసా దగ్గర ఇరుక్కున్నాను, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

పాస్‌పోర్టులోనూ ఆధార్‌లోనూ హిందూపురం అడ్రసే ఉంది. కానీ ఇంజనీరింగ్ బెంగళూరులోనే చదివాను, ఇప్పుడు పీణ్యాలో ఒక టూల్ రూమ్‌లో ఉద్యోగం చేస్తూ దాసరహళ్లిలో పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్లో) ఉంటున్నాను. పీజీ కాబట్టి నా పేరు మీద అగ్రిమెంటు లేదు, కరెంటు బిల్లు లేదు. కన్సల్టెన్సీవాళ్ళేమో "పాత తేదీతో రెంటల్ అగ్రిమెంటు మేం చేయిస్తాం, నువ్వు సంతకం పెడితే చాలు" అంటున్నారు.

బ్లాక్డ్ అకౌంటుకి (అక్కడి ఖర్చులకి ముందే డబ్బు వేసి చూపించే అకౌంటు) 11,904 యూరోలు కావాలి. నాన్నకి వేరుశనగ పొలం ఉంది, చేతిలో అంత డబ్బు లేదు. అది కూడా ఒక ఫైనాన్సర్ దగ్గర ఇప్పిస్తామంటున్నారు, నూటికి 3 రూపాయల వడ్డీకి. మోటివేషన్ లెటర్ కూడా వాళ్ళే రాసిచ్చారు, చదువుతుంటే అది నా గురించి అనిపించడం లేదు. నాన్న ఆదివారం వచ్చి వాళ్ళకి అడ్వాన్సు కట్టేస్తానంటున్నారు. అందుకే టెన్షన్‌గా ఉంది.

వైట్‌ఫీల్డ్_అన్న
కంగ్రాట్స్ అమ్మా. ముందు ఆదివారం అడ్వాన్సు ఆపు, తర్వాత మిగతావి చూద్దాం.

కాన్సులేట్ సంగతి: బెంగళూరులోని జర్మన్ కాన్సులేట్ కిందకి కర్ణాటక, కేరళ వస్తాయి. ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు, పుదుచ్చేరి చెన్నై కాన్సులేట్ కిందకి వస్తాయి. హిందూపురం నుంచి బెంగళూరు బస్సులో రెండు మూడు గంటల దూరమే అయినా లెక్కలో అది చెన్నైదే. ఇది మనవాళ్ళు చాలామందికి ఆఖరి నిమిషం దాకా తెలియదు, బెంగళూరు దగ్గర కదా అని ఇక్కడ వేసేస్తారు. వాళ్ళు చూసేది నువ్వు నిజంగా ఎక్కడ ఉంటున్నావు అన్నది. పాస్‌పోర్టు ఎక్కడ ఇష్యూ అయినా, ఇక్కడ ఉంటున్నట్టు కాగితం చూపిస్తే బెంగళూరులో తీసుకుంటారు.

మా తమ్ముడిది కర్నూలు పాస్‌పోర్టు. వాడు కంపెనీ హెచ్ఆర్ దగ్గర లెటర్ తీసుకున్నాడు, ఎప్పుడు చేరాడు, ఇక్కడ ఏ అడ్రస్‌లో ఉంటున్నాడు అన్నీ రాసి స్టాంపు వేసి ఇచ్చారు. దానితోపాటు జీతం పడే బ్యాంకు స్టేట్‌మెంటు, అసలైన రెంటల్ అగ్రిమెంటు పెట్టాడు. ఏ ఇబ్బందీ రాలేదు.

మారతహళ్లి_పీజీ
అన్నా, పీజీలో ఉండేవాళ్ళకి అసలైన అగ్రిమెంటు ఎవరిస్తారు? ఓనరు నెలనెలా డబ్బులు తీసుకుని చీటీ కూడా ఇవ్వడు. కన్సల్టెన్సీలు అందరికీ ఇలాగే చేయిస్తున్నాయి, మా ఫ్రెండ్స్ ఎంతమందో అలాగే వెళ్ళారు. ఊరికే భయపెట్టకండి.

హెచ్ఎస్ఆర్_అక్క
భయపెట్టడం కాదు తమ్ముడూ. వీసా అప్లికేషన్‌లోనే ఒక డిక్లరేషన్ ఉంటుంది, ఇచ్చిన సమాచారం, పత్రాలు నిజమని, అబద్ధమైతే ఏం జరుగుతుందో తెలుసని. దాని కింద సంతకం పెట్టేది ఆ అమ్మాయి, కన్సల్టెన్సీవాడు కాదు. దొంగ కాగితం బయటపడితే వీసా రాదు, వచ్చాక బయటపడితే రద్దు చేస్తారు, అక్కడికి వెళ్ళాక తెలిసినా నెత్తిమీదకి వస్తుంది. వాడు మాత్రం "మాకేం సంబంధం" అని ఇంకో బోర్డు పెట్టుకుంటాడు. మీ ఫ్రెండ్స్ దొరికిపోలేదంటే దొరికిపోలేదు, అంతే. ఈ అమ్మాయికి అడ్మిషన్ నిజం, ఏపీఎస్ నిజం, ఉద్యోగం నిజం. ఇన్ని నిజమైన కాగితాల మధ్య ఒక్క దొంగ కాగితం ఎందుకు పెట్టాలి? నాకు ఇది చూస్తేనే కోపం వస్తుంది. మంచి ఫైలుని వీళ్ళు చేతులారా పాడు చేస్తారు.

నేను స్టుట్‌గార్ట్‌లో మాస్టర్స్ చేసి అక్కడే కొన్నేళ్ళు పనిచేసి వచ్చాను, ఇప్పుడు ఇక్కడే ఉంటున్నాను. చెల్లీ, నీకు రెండు దారులున్నాయి, రెండూ శుభ్రమైనవే. పీజీ ఓనర్‌ని అడిగి ఈ రోజు తేదీతో, "ఫలానా నెల నుంచి ఇక్కడ ఉంటోంది" అని నిజం రాసి లెటర్ ఇప్పించుకో, దానికి హెచ్ఆర్ లెటర్, బ్యాంకు స్టేట్‌మెంటు, నువ్వు యూపీఐలో పీజీకి కట్టిన డబ్బుల రికార్డు జత చేయి. ఓనరు ససేమిరా అంటే, ఎలాగూ ఉద్యోగం మానాలి కాబట్టి, మానేసి హిందూపురం వెళ్ళి అక్కడి అడ్రస్‌తో చెన్నైలో వేయి. రాత్రి బెంగళూరులో చెన్నై మెయిల్ ఎక్కితే తెల్లవారేసరికి సెంట్రల్‌లో దిగుతావు. అంతకన్నా ఖర్చేముంది?

బనశంకరి_నుంచి
పీజీ ఓనర్లు లెటర్ ఇవ్వడానికి భయపడేది ట్యాక్స్ గొడవలకి. "అద్దె ఎంత" అన్నది రాయకుండా ఉంటున్నట్టు మాత్రమే రాయమంటే చాలామంది ఇస్తారు. మా అమ్మాయికి అలాగే ఇచ్చారు, ఓనర్ ఆధార్ కాపీ మాత్రం ఇవ్వనన్నారు, బెస్కామ్ (కరెంటు) బిల్లు కాపీ ఇచ్చారు.

హిందూపురం_పిల్ల
థాంక్యూ అక్కా, అన్నా. ఓనర్ ఆంటీ కన్నడ ఆవిడ, మంచిదే. అడుగుతాను. ఆన్‌లైన్లోనే అప్లై చేయాలంటున్నారు నిజమేనా? వీఎఫ్ఎస్ (వీసా అప్లికేషన్లు తీసుకునే సెంటర్) స్లాట్ల కోసం కన్సల్టెన్సీవాళ్ళు వేరే చార్జీ చెప్పారు.

వైట్‌ఫీల్డ్_అన్న
జర్మనీ విదేశాంగ శాఖవాళ్ళదే కాన్సులర్ సర్వీసెస్ పోర్టల్ అని ఉంది, 2025 జనవరి నుంచి ప్రపంచంలో వాళ్ళ వీసా ఆఫీసులన్నిటికీ తెరిచారు. స్టూడెంట్ వీసా అందులో వేయొచ్చు. నువ్వే లాగిన్ చేసుకుని ఫారం నింపి పత్రాలు అప్‌లోడ్ చేస్తే, వాళ్ళు ముందు చూసి ఏదైనా తక్కువైతే చెబుతారు. ఆ తర్వాతే వేలిముద్రలకి, ఒరిజినల్స్‌కి పిలుస్తారు. వీసా ఫీజు 75 యూరోలు, రూపాయల్లో కట్టాలి, వీఎఫ్ఎస్ సర్వీస్ చార్జీ వేరే. స్లాటు అమ్ముతామని ఎవరన్నా అంటే నమ్మకు. పోర్టల్ లాగిన్ పాస్‌వర్డు కూడా ఎవరికీ ఇవ్వకు. నీ ఈమెయిల్, నీ ఫోన్ నంబరే పెట్టుకో. కొన్ని కన్సల్టెన్సీలు వాళ్ళ ఈమెయిల్ పెట్టి, ఉత్తరం వస్తే మనకి చెప్పడానికి కూడా డబ్బులు అడుగుతాయి.

రిటైర్డ్_బ్యాంకర్
అమ్మా, డబ్బు సంగతి నేను చెబుతాను. ప్రభుత్వ రంగ బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్లు చూసి రిటైరయ్యాను.

ముందు ఆ ఫైనాన్సర్ లెక్క చూడు. యూరో 100 రూపాయల లెక్కన 11,904 యూరోలంటే దాదాపు 12 లక్షలు. నూటికి 3 అంటే నెలకి 36 వేలు వడ్డీకే పోతాయి, అసలు తరగదు. బ్లాక్డ్ అకౌంటు అన్నది చూపించి వెనక్కి తీసుకునే డబ్బు కాదు. వేసిన డబ్బు నీ పేరు మీద ఉండిపోతుంది, నువ్వు జర్మనీ వెళ్ళి అక్కడ మామూలు బ్యాంకు అకౌంటు తెరిచాక నెలకి 992 యూరోల చొప్పున మాత్రమే వస్తుంది. మొత్తం ఒకేసారి తీయడం కుదరదు. అంటే ఫైనాన్సర్‌కి అప్పు తీర్చాలంటే నీ తిండి, అద్దె డబ్బులే నెలనెలా ఇక్కడికి పంపాలి. అప్పుడు నువ్వక్కడ ఏం తింటావు? అదే వాళ్ళు చెప్పరు. పిల్లలు అక్కడికి వెళ్ళిన వారం నుంచే గిడ్డంగుల్లో రాత్రి డ్యూటీలకి పరిగెత్తేది ఇందుకే, చదువు పక్కకి పోయేది ఇందుకే.

పొలం మీద లోన్ అడిగితే బ్యాంకు ఒప్పుకోదని నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. కారణం కూడా చెబుతాను, నాన్నగారికి చెప్పు. అప్పు తీర్చకపోతే బ్యాంకు కోర్టుకి వెళ్ళకుండా ఆస్తి స్వాధీనం చేసుకునే హక్కు సర్ఫేసీ చట్టం ఇస్తుంది, 2002 నాటి చట్టం. అందులో వ్యవసాయ భూమికి మినహాయింపు ఉంది. అందుకే చదువు లోన్లకి పొలాన్ని తాకట్టుగా సాధారణంగా తీసుకోరు. అది నాన్నగారి మీద నమ్మకం లేక కాదు. ఊళ్ళో ఇల్లు కానీ, ఇంటి స్థలం కానీ ఉందా? తాతగారి పేరు మీద ఉన్నా సరే చెప్పు.

హిందూపురం_పిల్ల
ఇల్లు ఉంది సార్, తాత పేరు మీద. తాత ఉన్నారు, నాన్న ఒక్కరే కొడుకు, ఇద్దరు అత్తలు ఉన్నారు.

రిటైర్డ్_బ్యాంకర్
అయితే దారి ఉంది. తాతగారు స్వయంగా తాకట్టుకి సంతకం పెట్టాలి, నాన్నగారు కో-బారోయర్‌గా (నీతో కలిసి అప్పు తీసుకునేవారిగా) ఉంటారు. ఆ ఇల్లు తాతగారి స్వార్జితమా, పిత్రార్జితమా అన్నది లాయరు మొదట చూస్తాడు. పిత్రార్జితమైతే అత్తయ్యల సంతకాలు కూడా అడగొచ్చు, కాబట్టి వాళ్ళతో ఇప్పుడే మాట్లాడండి, ఆఖర్న కాదు. లింక్ డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్), ఇంటి పన్ను రసీదు, ప్లాన్ అప్రూవల్ తీసుకుని బ్యాంకుకి వెళితే లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ వాళ్ళే చేయిస్తారు, ఆ ఖర్చు మీదే. ఆలస్యమయ్యేది వాల్యుయేషన్ దగ్గర కాదు, పాత దస్తావేజుల్లో పేరు ఒకలా ఆధార్‌లో ఇంకోలా ఉండటం దగ్గర. అది ఈ రోజే చూసుకో.

ఇంకో మాట. లోన్ శాంక్షన్ లెటర్ ఒక్కటే పెడితే చాలదు, కాన్సులేట్‌వాళ్ళకి బ్లాక్డ్ అకౌంటులో డబ్బు పడినట్టు కన్ఫర్మేషన్ కావాలి. లోన్ అకౌంటు నుంచి నేరుగా బ్లాక్డ్ అకౌంటుకి పంపమని బ్రాంచిలో చెప్పు. బ్యాంకు లోన్ డబ్బు పంపితే 2025 ఏప్రిల్ 1 నుంచి టీసీఎస్ (విదేశాలకి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) లేదు. సొంత డబ్బు పంపినా ఏడాదికి 10 లక్షల దాకా లేదు, దాటినదానికి పట్టినా రిటర్ను వేస్తే సర్దుబాటవుతుంది. నాన్నగారు పాత ట్యాక్స్ విధానంలో ఉంటే లోన్ వడ్డీ మీద ఆదాయపు పన్నులో 80ఈ సెక్షన్ మినహాయింపు 8 ఏళ్ళ దాకా వస్తుంది.

శెట్టిహళ్లి_నాన్న
మా వాడిని కూడా ఈ ఏడాదే పంపుతున్నాం. బ్లాక్డ్ అకౌంటు తప్ప వేరే దారే లేదా? మా బావమరిది మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, స్పాన్సర్ లెటర్ ఇస్తానంటున్నాడు.

హెచ్ఎస్ఆర్_అక్క
ఉందండి. బావమరిది గారు మామూలు కాగితం మీద లెటర్ రాసిస్తే పనికిరాదు. అక్కడి ఫారినర్స్ ఆఫీసుకి వెళ్ళి, జీతం చూపించి, మీ అబ్బాయి ఖర్చులకి తానే బాధ్యుణ్ణని అధికారికంగా రాసివ్వాలి, దాన్ని ఫెర్‌ప్ఫ్లిష్‌టుంగ్స్‌ఎర్‌క్లేరుంగ్ అంటారు. చట్టప్రకారం ఆయన్ని కట్టేస్తుంది అది, అబ్బాయి ఖర్చులు ప్రభుత్వం మీద పడితే ఆయన దగ్గర వసూలు చేస్తారు. బంధుత్వం కోసం మొహమాటపడి ఇచ్చేది కాదు, ఆయనకి అర్థమయ్యేలా చెప్పి అడగండి. స్కాలర్‌షిప్ ఉంటే దాని లెటర్ కూడా చెల్లుతుంది.

మీ అబ్బాయి ఏ యూనివర్సిటీకండీ? బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రమైతే మనలాంటి బయటి దేశాలవాళ్ళకి సెమిస్టర్‌కి 1,500 యూరోల ఫీజు ఉంది, 2017 నుంచీ. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ అయితే 2024 వింటర్ నుంచి మాస్టర్స్‌కి సెమిస్టర్‌కి 4,000 నుంచి 6,000 దాకా పెట్టింది. జర్మనీ అంతా ఫ్రీ అని మన దగ్గర ఇంకా చెబుతూనే ఉన్నారు.

శెట్టిహళ్లి_నాన్న
మ్యూనిక్ కాదండి. బెర్లిన్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీ. ఏపీఎస్ అయింది. ఫీజు ఏడాదికి 10 లక్షల పైనే చెప్పారు. క్లాసులు సగం ఆన్‌లైన్‌లో ఉంటాయన్నారు, పని చేసుకోవడానికి వీలుగా ఉంటుందట.

హెచ్ఎస్ఆర్_అక్క
అంకుల్, దయచేసి డబ్బు కట్టే ముందు ఆ సగం ఆన్‌లైన్ అన్న మాట మీద ఆగండి. స్టూడెంట్ వీసా ఇచ్చేది అక్కడ కూర్చుని చదివే కోర్సుకి. 2025లో బెర్లిన్‌లోనే ఒక ప్రైవేటు యూనివర్సిటీ పిల్లలకి సరిగ్గా ఇదే జరిగింది, కోర్సు ఆన్‌లైన్ కలిసినది కాబట్టి జర్మనీలో ఉండి చదవాల్సిన అవసరం లేదని ఫారినర్స్ ఆఫీసు రెసిడెన్స్ పర్మిట్ ఇవ్వనంది. మనవాళ్ళు చాలామంది అందులో ఉన్నారు, లక్షల ఫీజు కట్టేసినవాళ్ళు. క్లాసులన్నీ క్యాంపస్‌లోనేనని యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి, కన్సల్టెన్సీ నుంచి కాదు. ప్రైవేటు యూనివర్సిటీలు చాలావరకు కన్సల్టెన్సీలకి అడ్మిషన్‌కింతని కమిషన్ ఇస్తాయి, గవర్నమెంటు యూనివర్సిటీలు ఇవ్వవు. అందుకే మీకు గవర్నమెంటువి అసలు చూపించరు.

శెట్టిహళ్లి_నాన్న
అలాగేనమ్మా. మెయిల్ పెట్టిస్తాను ఇవాళే.

హిందూపురం_పిల్ల
ఇప్పుడు రాసేది మా నాన్న, నా ఫోన్లో.

అయ్యా, అందరికీ నమస్కారం. అమ్మాయి ఇదంతా చదివి వినిపించింది. బ్యాంకు సారు చెప్పిన వడ్డీ లెక్క నాకు కన్సల్టెన్సీ ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. ఆదివారం డబ్బు కట్టడం లేదు. నాకు ఒక్కటే అడగాలని ఉంది. ఆ కెమ్నిట్జ్ ఊళ్ళో గొడవలు అయినాయని మా ఊరి మాస్టరు ఫోన్లో చూపించినాడు. ఆడపిల్ల ఒక్కతే ఉంటుంది. మీలో అక్కడుండే వాళ్ళు ఎవరన్నా ఉంటే నిజం చెప్పండి.

కెమ్నిట్జ్_నుంచి
నమస్తే అంకుల్. నేను చిత్తూరు జిల్లా, యెలహంకలో చదివి ఇక్కడికి వచ్చాను. మాస్టరుగారు చూపించింది అబద్ధం కాదు, 2018 ఆగస్టులో ఇక్కడ విదేశీయుల మీద పెద్ద గొడవలే అయ్యాయి. దాచడం నాకిష్టం లేదు. ఈ సాక్సనీ రాష్ట్రంలో ఆ రాజకీయం ఇంకా బలంగానే ఉంది. రోజువారీ జీవితంలో మాత్రం యూనివర్సిటీ చుట్టూ అన్ని దేశాల పిల్లలే ఉంటారు, మన తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు, ఉగాదికి కలిసి వండుకుంటాం. ఊరు చిన్నది, రాత్రి త్వరగా నిశ్శబ్దమైపోతుంది. రాత్రిపూట సెంటర్‌లో ట్రామ్ స్టాపుల దగ్గర తాగినవాళ్ళు ఏదో ఒకటి అనడం ఉంటుంది, మేం పట్టించుకోకుండా వచ్చేస్తాం, ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసి వస్తారు. క్లాసులో కానీ ల్యాబులో కానీ నాకు ఏనాడూ తేడా కనపడలేదు. చదువు విషయంలో నేను హామీగా చెప్పగలను: ఇక్కడ మెషిన్ టూల్స్, మాన్యుఫాక్చరింగ్ చాలా పాత బలం, కార్ల పరిశ్రమ చుట్టుపక్కలే. మీ అమ్మాయి టూల్ రూమ్‌లో పనిచేసి వస్తోందంటే ఆమెకి ఇది సరైన చోటే.

ఖర్చు: ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కి కాంట్రిబ్యూషన్ కట్టాలి. హాస్టల్ గది 300 యూరోల దరిదాపుల్లో, హెల్త్ ఇన్సూరెన్స్ నెలకి 150 దాకా. వండుకుని తింటే 992లో సర్దుకోవచ్చు, మ్యూనిక్‌లో అయితే అద్దెకే సరిపోదు. జర్మన్ మాత్రం నేర్చుకుని రమ్మనండి అంకుల్. ఈ ఊళ్ళో ఇంగ్లీషుతో కొట్లోనూ ఆఫీసుల్లోనూ పని జరగదు.

బనశంకరి_నుంచి
ఇందిరానగర్‌లో జర్మన్ నేర్పే మాక్స్ ముల్లర్ భవన్ ఉంది కదా, ఏ1 (మొదటి స్థాయి) బ్యాచిలు అక్కడ ఉంటాయి. దాసరహళ్లి నుంచి దూరమే కానీ మెట్రోలో గ్రీన్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో పర్పుల్‌కి మారితే వెళ్ళిపోవచ్చు. ఆన్‌లైన్ బ్యాచిలు కూడా ఉన్నాయి.

హిందూపురం_పిల్ల
నాన్న రెండుసార్లు చదివించుకున్నారు. "నిజం చెప్పినాడు, ఆ పిల్లోడి నంబరు తీసుకో" అన్నారు. 😊 అన్నా, మీకు ప్రైవేట్ మెసేజ్ పెడతాను.

ఇక మోటివేషన్ లెటర్. కన్సల్టెన్సీ రాసిచ్చినది ఇలా మొదలవుతుంది: చిన్నప్పటి నుంచీ నాకు యంత్రాలంటే అమితాసక్తి, జర్మనీ ప్రపంచంలోనే నాణ్యమైన విద్యకి పేరొందిన దేశం, ఎన్నో గొప్ప ఆవిష్కరణలకి పుట్టినిల్లు... రెండు పేజీలూ ఇలాగే ఉంది. తీసేసి నేనే రాయనా?

హెచ్ఎస్ఆర్_అక్క
మొత్తం తీసేయ్. ఆ పేరాలో నీ పేరు తీసి నా పేరు పెట్టినా ఎవరికీ తేడా తెలియదు. వీసా ఆఫీసరు ఇలాంటివి రోజూ చదువుతాడు. ఆయనకి తెలియాల్సింది ఈ కోర్సే ఎందుకు, ఇప్పుడే ఎందుకు, చదివాక ఏం చేస్తావు. నీ టూల్ రూమ్‌లో ఏం పని చేస్తావో చెప్పు, తెలుగులోనే రాయి ఇక్కడ.

హిందూపురం_పిల్ల
ప్రెస్ టూల్స్ డిజైన్ అక్కా. షీట్ మెటల్ పార్టులకి డై (అచ్చు) తయారుచేస్తాం. మొన్న ఒక బ్రాకెట్ డై చేశాం, వంచిన చోట పార్టు మళ్ళీ వెనక్కి తెరుచుకుంటోంది, స్ప్రింగ్‌బ్యాక్. మా దగ్గర సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ లేదు. మా సీనియర్ గారు అనుభవంతో కోణం రెండు డిగ్రీలు ఎక్కువ పెట్టి, ట్రయల్ తీసి, గ్రైండ్ చేసి, మళ్ళీ ట్రయల్ తీసి సరిచేస్తారు. ఒక్కో డైకి వారాలు పోతాయి, టూల్ స్టీల్ వేస్ట్ అవుతుంది. స్టీలు గ్రేడు మారితే మళ్ళీ మొదటికి. నాకు దాన్ని ముందే లెక్కకట్టడం నేర్చుకోవాలని ఉంది, అందుకే ఫార్మింగ్, సిమ్యులేషన్ సబ్జెక్టులు ఉన్న కోర్సు వెతికాను.

హెచ్ఎస్ఆర్_అక్క
ఇదే నీ లెటర్ చెల్లీ!! ఇప్పుడు రాసినది రాసినట్టు ఇంగ్లీషులో పెట్టు, బ్రాకెట్ డై, రెండు డిగ్రీలు, వేస్ట్ అయ్యే స్టీలు, అన్నీ ఉండనీ. ఆ తర్వాత యూనివర్సిటీ మాడ్యూల్ హ్యాండ్‌బుక్ (కోర్సులో ఉండే సబ్జెక్టుల వివరాల పుస్తకం) తెరిచి, నీ సమస్యకి పనికొచ్చే రెండు మూడు సబ్జెక్టుల పేర్లు అందులో ఉన్నట్టే రాయి. చివర ఖర్చు ఎలా భరిస్తావో, చదివాక ఏం చేస్తావో నాలుగు వాక్యాల్లో రాయి. ఒక పేజీ, మహా అయితే ఒకటిన్నర. ఎవరైనా ఇంటర్వ్యూలో అడిగినా నీకు బట్టీ పట్టే పని ఉండదు.

మారతహళ్లి_పీజీ
చదివాక అక్కడే ఉద్యోగం చూసుకుంటానని రాస్తే రిజెక్ట్ చేస్తారంటారు కదా. తిరిగి వచ్చేస్తానని రాయమని మాకు చెప్పారు.

హెచ్ఎస్ఆర్_అక్క
అది అమెరికా వీసా మాటలు విని చెప్పేది. జర్మనీలో డిగ్రీ అయ్యాక చదువుకి తగిన ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల పర్మిట్ చట్టంలోనే ఉంది. నిజంగా ఏమనుకుంటోందో అదే రాయాలి. కొన్నేళ్ళు అక్కడ పనిచేసి నేర్చుకుని పీణ్యాలోనే సొంతంగా పెట్టాలని ఉంటే అలాగే రాయొచ్చు. ఆఫీసరు వెతికేది చదువు వంకతో వేరే పనికి వెళుతున్నవాళ్ళని. డెలివరీ పని చేసుకుని డబ్బు పంపుతానన్నట్టు ధ్వనిస్తే మాత్రం అనుమానం వస్తుంది.

మారతహళ్లి_పీజీ
పార్ట్ టైమ్ చేసుకోవచ్చా మరి?

కెమ్నిట్జ్_నుంచి
చేసుకోవచ్చు. 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు. 2026 జనవరి నుంచి కనీస వేతనం గంటకి 13.90 యూరోలు. కానీ మొదటి సెమిస్టర్‌లో పని దొరుకుతుందని లెక్క వేసుకుని రావద్దు, ఇక్కడ జర్మన్ రాకపోతే దొరికేవి తక్కువ. మొదటి ఏడాది బ్లాక్డ్ అకౌంటు మీదే గడుస్తుందనుకోండి.

హిందూపురం_పిల్ల
ఒకవేళ వీసా రిజెక్ట్ అయితే అప్పీల్ చేసుకోవచ్చని కన్సల్టెన్సీవాళ్ళు అన్నారు, దానికి కూడా ప్యాకేజీ ఉందట.

వైట్‌ఫీల్డ్_అన్న
పాత సంగతి. అదే ఆఫీసుకి ఉచితంగా మళ్ళీ చూడమని రాసుకునే పద్ధతి ఉండేది, రెమాన్‌స్ట్రేషన్ అని. 2025 జులై 1 నుంచి జర్మనీ దాన్ని ప్రపంచమంతటా ఎత్తేసింది. ఇప్పుడు రిజెక్ట్ అయితే కొత్తగా అప్లై చేయాలి, లేదంటే బెర్లిన్‌లో అడ్మినిస్ట్రేటివ్ కోర్టులో కేసు వేయాలి. సెమిస్టర్ మొదలయ్యే లోపు కోర్టు తేల్చదు. కాబట్టి మొదటిసారే ఫైలు సరిగ్గా ఉండాలి. లేని సర్వీసుకి ప్యాకేజీ అమ్ముతున్నారంటే వాళ్ళ మిగతా మాటలు ఎంత నిజమో నువ్వే చూసుకో.

హిందూపురం_పిల్ల
అందరికీ అప్‌డేట్. ఓనర్ ఆంటీ లెటర్ ఇచ్చారు, నేను ఎప్పటి నుంచి ఉంటున్నానో రిజిస్టర్ చూసి రాసిచ్చారు, బెస్కామ్ బిల్లు కాపీ కూడా. హెచ్ఆర్ లెటర్ వచ్చింది. బెంగళూరులోనే వేస్తున్నాను. అత్తలిద్దరూ సంతకానికి వచ్చారు. బ్యాంకు లాయరు, దస్తావేజులో తాత పేరుకి ముందు ఇంటిపేరు లేదని అఫిడవిట్ అడిగారు, అది ఇచ్చాం. సార్, మీరు ముందే చెప్పబట్టి ఆధార్, పాస్‌బుక్ పట్టుకుని వెళ్ళాం. లోన్ శాంక్షన్ అయింది, డబ్బు బ్లాక్డ్ అకౌంటుకి నేరుగా పంపుతున్నారు. లెటర్ నేనే రాశాను, అక్క చదివి రెండు చోట్ల దిద్దారు. పోర్టల్లో అన్నీ అప్‌లోడ్ చేశాను.

రిటైర్డ్_బ్యాంకర్
చాలా సంతోషం తల్లీ. చదువుకునే కాలంలో వడ్డీ మాత్రం నెలనెలా కట్టగలిగితే కట్టమని నాన్నగారికి చెప్పు. మారటోరియం (కట్టకుండా ఉండే గడువు) ఉంది కదా అని వదిలేస్తే ఆ వడ్డీ కూడా అసలులో కలుస్తుంది.

శెట్టిహళ్లి_నాన్న
నేను కూడా చెప్పాలి. యూనివర్సిటీకి మెయిల్ పెడితే, కోర్సు కొంత భాగం ఆన్‌లైనేనని వాళ్ళే రాశారు. కట్టలేదు. మా వాడు ఇప్పుడు గవర్నమెంటు యూనివర్సిటీలకి సమ్మర్ సెమిస్టర్‌కి చూస్తున్నాడు. యూని-అసిస్ట్ అంటున్నాడు, అదేంటో చెప్పగలరా?

హెచ్ఎస్ఆర్_అక్క
మంచి పని చేశారు అంకుల్. యూని-అసిస్ట్ అన్నది చాలా యూనివర్సిటీల తరఫున బయటి దేశాల అప్లికేషన్లు చూసి పెట్టే సంస్థ. మొదటిదానికి 75 యూరోలు, అదే సెమిస్టర్‌లో తర్వాత వేసే ప్రతిదానికి 30. సమ్మర్‌లో కొత్తవాళ్ళని తీసుకునే మాస్టర్స్ కోర్సులు తక్కువ, అందుకని వింటర్‌కి కూడా పక్కన లిస్టు పెట్టుకోమనండి.

హిందూపురం_పిల్ల
ఒక్క చివరి ప్రశ్న. హాస్టల్‌కి వీసా వచ్చాక అప్లై చేయాలా, ఇప్పుడే చేయొచ్చా?

కెమ్నిట్జ్_నుంచి
ఇప్పుడే, ఈ రాత్రికే. అడ్మిషన్ లెటర్ ఉంటే చాలు. హాస్టళ్ళు యూనివర్సిటీవి కావు, స్టూడెంటెన్‌వెర్క్ కెమ్నిట్జ్-జ్వికావ్ వాళ్ళవి, వాళ్ళ సైట్లో ఫారం ఉంటుంది. రైహెన్‌హైనర్ స్ట్రాసే, ఫెట్టర్స్ స్ట్రాసే వైపు గదులు అడుగు, క్యాంపస్‌కి నడిచి వెళ్ళొచ్చు. చేరే తేదీ అక్టోబర్ 1 అని పెట్టు. గది దొరికాక ఇంటి ఓనర్ సంతకం చేసిన కాగితం ఇస్తారు, వచ్చిన రెండు వారాల్లో టౌన్ ఆఫీసులో అడ్రస్ రిజిస్టర్ చేసుకోవడానికి అది కావాలి, పారేయకు.